మాయాకథలు – రాజనీతి – ఉదారవాదము

మంత్రదండములు, ఎగురు గుఱ్ఱములు, మాటలాడు చిలుకలు, ఏడు సముద్రముల కావల మఱ్ఱితొఱ్ఱలో దాగిన మాంత్రికుని ప్రాణము – ఇట్టివి గల కథలనిన చెవి కోసికొనని పిల్లలు మన ప్రాంతమున లేరు. ఈ కథలు ప్రొద్దుపుచ్చుటకే గాని చదువునకు పనికిరావని తల్లిదండ్రులలో పలువురు తలంతురు. రాజకీయములు పెద్దల వ్యవహారమనియు, వానికిని పిల్లల కథలకును పొత్తు లేదనియు మఱికొందఱందురు. ఈ రెండభిప్రాయములును మరల ఆలోచింపదగినవి. మాయాకథ మిక్కిలి ప్రాచీనమైన రాజనీతి పాఠము. అధికారము ఎవరికుండవలెను? ఎంతవఱకుండవలెను? దానిని ప్రశ్నింపగలవాడెవడు? ఈ మూడు ప్రశ్నలును అందు తఱచుగా వినిపించును. వీనికి ఆధునిక యుగము చెప్పిన సమాధానములలో ఒకదానికి ఉదారవాదమని పేరు. ఆ మాటకు సరియైన అర్థమేమి, తెలుగు మాతృభాషగా తమిళదేశమున బ్రతుకుచున్న మనకు దానితో నేమి పని యను సంగతులను, మనమెఱిగిన కథల మూలముననే తెలిసికొందము.

ప్రతిమ ఎవరి చేతనున్నది?

1951వ సంవత్సరమున విజయా సంస్థవారు 'పాతాళభైరవి' యను జానపద చిత్రమును తెలుగునను తమిళమునను విడుదల చేసిరి. కె. వి. రెడ్డిగారు దర్శకులు, కథను సంభాషణలను సమకూర్చినవారు పింగళి నాగేంద్రరావుగారు. ఉజ్జయినిలో తోటమాలి యింటి పిల్లవాడైన తోటరాముడు రాకుమారిని వలచును. తనంతటి సంపద గడించి తెచ్చినగాని పిల్లనీయనని రాజు చెప్పును. అంతట నేపాళ మాంత్రికుడు వచ్చి, సంపదకు త్రోవ చూపెదనని రాముని వెంటబెట్టుకొని పోవును. రాముని బలి యిచ్చి, కోరినదెల్ల నొసగు పాతాళభైరవి ప్రతిమను పొందవలెనని వాని పన్నాగము. రాముడా గుట్టు తెలిసికొని మాంత్రికునే బలి యిచ్చి ప్రతిమను చేజిక్కించుకొనును.

ఇందు రాజనీతి రెండు చోట్ల గలదు. మొదటిది స్పష్టమైనది. తోటమాలి కొడుకు రాజు కూతునకు తగడా యను ప్రశ్నకు, మనుష్యుని విలువ పుట్టుకచేత గాక గుణముచేతను సాహసముచేతను కట్టవలెనని కథ సమాధానము చెప్పుచున్నది. ఆ చిత్రము వచ్చిన యేటి చివరనే మన దేశమున మొదటి సార్వత్రిక ఎన్నికలు ఆరంభమయ్యెను. జమీందారునకు ఒక వోటు, ఆయన తోటలో నీరు పెట్టువానికిని ఒక వోటు. తెరమీది తోటరామునికి చప్పట్లు కొట్టిన జనము, కొన్ని నెలలలోనే తమ చేతులతో ఆ సమానత్వమును అనుభవించిరి.

రెండవది కొంచెము లోతైనది. ఆ ప్రతిమకు మంచిచెడ్డల వివేకము లేదు. అది ఎవరి చేతనున్న వారి కోరికను తీర్చును. రాముని చేత నున్నంతకాలము రామునకు మేలు చేసెను. మరల బ్రతికి వచ్చిన మాంత్రికుని చేతికి పోగానే, అంతే విధేయతతో వానికిని పని చేసెను. ప్రతిమ మారలేదు, చేయి మాత్రమే మారినది. దీనిని బాగుగా గమనింపుడు. మేర లేని అధికారము మంచివాని చేతనున్నదని మనము సంతోషించునప్పుడు, అది రేపు ఎవరి చేతికి పోవునో యను ఆలోచన మనకుండవలెను. సాధారణముగా కథ "ఈ ప్రతిమ ఎవరి కుండవలెను?" అని అడుగును. ఉదారవాది "ఇట్టి ప్రతిమ ఎవరికైనను ఉండవచ్చునా?" అని అడుగును.

మన జవళగిరి రైతునకు ఈ మాట వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆతడు ఏనుగును వినాయకుడని మ్రొక్కును. అయినను రాగిచేనికిని అడవికిని నడుమ కందకముండవలెనని కోరును. కందకము కోరుట ఏనుగును ద్వేషించుట గాదు. బలమెంత గొప్పదో యెఱిగినవాడే దానికి మేర గావలెనని కోరును.

ప్రియదర్శిని పేటిక

అదే సంస్థ, అదే దర్శకుడు 1957వ సంవత్సరమున 'మాయాబజార్' చిత్రమును మనకిచ్చిరి. శశిరేఖా పరిణయగాథ వ్యాసభారతమున లేదు. అది జనుల నోళ్లలోను నాటకములలోను పెరిగిన కథ. అందు శ్రీకృష్ణుడు తెచ్చిన ప్రియదర్శిని యను పేటిక యొకటి గలదు. దానిని తెఱచి చూచువానికి తనకు మిక్కిలి ప్రియమైనది కనబడును. శశిరేఖకు అభిమన్యుడు కనబడును. బలరామునకు దుర్యోధనుడు కనబడును. రేవతికి నగలు కనబడును. పేటిక ఒక్కటే, చూపులు వేఱు.

ఈ పేటిక నవ్వు పుట్టించుటకు మాత్రమే యుద్దేశింపబడినట్లు తోచును గాని, ఒక గొప్ప సత్యమును చెప్పుచున్నది. మనుష్యులు ప్రేమించునవి, నమ్మునవి, కోరునవి ఒక్కటిగా నుండవు. ఒకరి హృదయమున నేమి కనబడవలెనో మఱియొకరు శాసింపజాలరు. పాండవులు సిరి గోల్పోగానే శశిరేఖ పెండ్లిని దుర్యోధనుని కొడుకుతో నిశ్చయించిన పెద్దలు ఆమె పేటికలో నేమున్నదో అడుగలేదు. కథలోని చిక్కంతయు ఆ అడుగకపోవుటలోనే యున్నది. తన మతము, తన యభిప్రాయము, తన వృత్తి, తన సహచరుని తానే యెన్నుకొను స్వాతంత్ర్యము ప్రతి మనుష్యునకును గలదనుట ఉదారవాదమునకు మొదటి మెట్టు.

బేతాళుని ప్రశ్న

1947వ సంవత్సరము జూలైలో మద్రాసునుండి 'చందమామ' తెలుగునను, 'అంబులిమామ'యను పేర తమిళమునను వెలువడ నారంభించెను. నాగిరెడ్డి, చక్రపాణి గారలు దాని స్థాపకులు. ఇపుడా పత్రిక వెలువడుటలేదు. అయినను ఈ రెండు భాషలవారి ఇండ్లలోను తాతలు, తండ్రులు దానిని చదివి పెరిగినవారే. అందలి బేతాళకథలను ఎఱుగనివారరుదు. పదునొకండవ శతాబ్దమున కాశ్మీరదేశపు సోమదేవుడు సంస్కృతమున రచించిన కథాసరిత్సాగరములో ఈ బేతాళకథలు ఇరువదియైదు గలవు. అవి ముగిసిన పిమ్మట చందమామవారు ఆ మచ్చుననే క్రొత్త కథలను కల్పించి దశాబ్దములపాటు ప్రకటించిరి.

ఆ కథల చట్రమును చూడుడు. చక్రవర్తి యైన విక్రమార్కుడు నడిరాత్రి శ్మశానమున శవమును భుజమున మోసికొని పోవుచుండును. శవములోని బేతాళుడు కథ చెప్పి, ఒక చిక్కు ప్రశ్న వేసి, సమాధానము తెలిసియు చెప్పకున్నచో తల వ్రక్కలగునని హెచ్చరించును. రాజు నోరు విప్పక తప్పదు. ఆతడు తీర్పు మాత్రము చెప్పి యూరకుండడు. ఆ తీర్పునకు కారణమును చెప్పును. మౌనభంగము కాగానే బేతాళుడు మరల చెట్టెక్కును. రాజు మరల నడువవలెను.

రాజనీతి దృష్టితో దీనికంటె చక్కని పాఠము వేఱొకటి కలదా? రాజంతటివాడు ప్రశ్నకు లోబడవలెను. "నేను రాజును గనుక ఇది న్యాయము" అనుట చెల్లదు. "ఇందువలన ఇది న్యాయము" అని చెప్పవలెను. ఒక సారి చెప్పి తప్పించుకొనుటకు వీలు లేదు; ప్రశ్న మరల మరల వచ్చును. నేటి శాసనసభలో ప్రశ్నోత్తర సమయము, న్యాయస్థానమున కారణములతో కూడిన తీర్పు, పత్రికలలో విమర్శ, సమాచారహక్కు చట్టము (2005) – ఇవి యన్నియు బేతాళుని వంశమునకు చెందినవే. ఏలినవారి భుజముపై కూర్చుండి ప్రశ్నించువా డుండవలెననుట ఉదారవాదమునకు రెండవ మెట్టు.

తలక్రిందైన దేశము

మాయాకథను తెలిసి తెలిసి రాజనీతికి వాడుకొనిన తెలుగు రచయిత కందుకూరి వీరేశలింగం పంతులుగారు (1848–1919). ఆంగ్ల రచయిత స్విఫ్టు 1726లో ప్రకటించిన గలివరు యాత్రల పుస్తకమును ఆధారముగా చేసికొని ఆయన 'సత్యరాజా పూర్వదేశ యాత్రలు' రచించిరి. అందలి కథానాయకుడు 'ఆడుమళయాళము' అను వింత దేశమునకు పోవును. అక్కడ ఏలువారు స్త్రీలు, అణగియుండువారు పురుషులు. మన దేశమున స్త్రీలకు ఏ కట్టుబాట్లుండెడివో అవి యచ్చట పురుషులకున్నవి. వానిని సమర్థించుటకు అచ్చటి శాస్త్రములును ఆచారములును సిద్ధముగా నున్నవి.

చదువరి మొదట నవ్వును, పిమ్మట సిగ్గుపడును. మగవానికి జరిగినప్పుడు అన్యాయమని తోచినది, ఆడుదానికి జరిగినప్పుడు ఆచారమని యెట్లు తోచినది? ఈ ప్రశ్నను వట్టి వ్యాసముగ వ్రాసినచో ఆ కాలపు పాఠకుడు పుస్తకము మూసివేసి యుండును. కథగా వ్రాసినందున తుదివఱకు చదివెను. ఇంగ్లండున జాన్ స్టూవర్టు మిల్లను తత్త్వవేత్త 1869లో స్త్రీల బానిసత్వమును ఖండించుచు గ్రంథము వ్రాసెను. వీరేశలింగముగారు అదే న్యాయమును మాయాదేశపు వేషమున మన వాకిటికి తెచ్చిరి. తన స్థానమున ఎదుటివానిని, ఎదుటివాని స్థానమున తనను నిలిపి చూచుట – ఇది మూడవ మెట్టు.

మాటయు అర్థమును

ఇక ఆ పేరును విచారింతము. 'ఉదార' శబ్దమునకు మన భాషలో దానశీలుడు, విశాలహృదయుడు అని అర్థము. అడిగినవానికి లేదనక యిచ్చు రాజును ఉదారుడందుము. ఈ పోలికవలన ఒక పెద్ద పొరపాటు వచ్చుచున్నది. ఉదారవాదమనగా ఉదారుడైన రాజు పాలన యని పలువురు తలంతురు. అది సత్యమునకు దూరము. ఆంగ్లమున దీనికి వాడు పదము 'స్వతంత్రుడు' అను నర్థము గల లాటిను మాటనుండి పుట్టినది. 1812 ప్రాంతమున స్పెయిను దేశమున రాజు అధికారమునకు రాజ్యాంగము ద్వారా మేర యేర్పఱుపవలెనన్న పక్షమువారికి ఈ పేరు రాజకీయముగా స్థిరపడెను. అంతకు ముందే, 1689లో ఇంగ్లండున జాన్ లాకు, ప్రభుత్వాధికారము ప్రజల సమ్మతినుండి పుట్టునదనియు, ఆ నమ్మకమును చెఱచిన ప్రభుత్వమును ప్రజలు మార్చవచ్చుననియు సిద్ధాంతీకరించెను. 1859లో మిల్లు మఱియొక మెట్టెక్కి, రాజుల దౌర్జన్యమే గాదు, అధికసంఖ్యాకుల దౌర్జన్యము కూడ నుండుననియు, ఒక్కడు తక్క లోకమంతయు ఏకాభిప్రాయముతో నున్నను ఆ యొక్కని నోరు మూయు హక్కు లోకమునకు లేదనియు వాదించెను.

కావున ఉదారుడైన రాజు వేఱు, ఉదారవాదము వేఱు. ఉదారుడైన రాజు ఇచ్చును. ఇష్టము లేనినాడు మానును. పుచ్చుకొనువాడు చేయి చాచి నిలువవలెను. ఉదారవాదమున ఇచ్చుట, పుచ్చుకొనుట లేదు, అది హక్కు. దానిని పొందుటకు రాజు ప్రసన్నుడై యుండనక్కఱలేదు, మనము స్తోత్రము చేయనక్కఱలేదు. దానమునకును హక్కునకును గల ఈ భేదమును గ్రహించినవాడు ఉదారవాదమున సగము గ్రహించినట్లే.

ఆంగ్లపదము ఒక్కటే యైనను మన భాషలో దానికి మూడు నీడలు పడినవి. స్వాతంత్ర్యోద్యమకాలమున గోపాలకృష్ణ గోఖలే మార్గమును అనుసరించి, చట్టబద్ధముగ క్రమక్రమముగ సంస్కరణలు సాధింపవలెనన్నవారిని మితవాదులనిరి. వారిలో కొందఱు 1918లో కాంగ్రెసునుండి విడివడి లిబరల్ ఫెడరేషను స్థాపించిరి. అందలి ముఖ్యులలో విజయనగరమున పుట్టిన మన తెలుగువారు చిఱ్ఱావూరి యజ్ఞేశ్వర చింతామణిగారు (1880–1941). ఆయన అలహాబాదున 'లీడర్' పత్రికకు సంపాదకులై ఉత్తరదేశమున పేరొందిరి. తరువాత 1991లో పి. వి. నరసింహారావుగారు ప్రధానిగా నుండగా పరిశ్రమలపైని అనుమతుల కట్టుబాట్లను సడలించినప్పుడు దానిని సరళీకరణమనిరి. రాజనీతి గ్రంథములలోనిది ఉదారవాదము. అమెరికాలో ఈ పదమును పేదలకు ప్రభుత్వము ఎక్కువ సాయము చేయవలెనను వారికి వాడుదురు. ఐరోపాలో పలుచోట్ల ప్రభుత్వ జోక్యము తక్కువగా నుండవలెనను వారికి వాడుదురు. కావున ఎవరైనను ఈ మాట పలికినపుడు "ఏ యర్థమున?" అని అడుగుట మంచిది.

తొరపల్లిలో పుట్టిన ఉదారవాది

ఈ చర్చకు దూరదేశములు పోనక్కఱలేదు. మన హోసూరునకు సమీపమున నున్న తొరపల్లిలో 1878వ సంవత్సరమున చక్రవర్తి రాజగోపాలాచారిగారు జన్మించిరి. స్వతంత్ర భారతదేశమునకు గవర్నరు జనరలుగా పని చేసిన ఏకైక భారతీయుడాయనయే. పిల్లలకును పెద్దలకును అందునట్లు రామాయణ భారతములను తిరిగి చెప్పిన రచయిత కూడ. 1959లో, ఎనుబదియేండ్ల వయస్సున, ప్రభుత్వము ప్రతి పనికిని అనుమతి పత్రము కావలెనని నిర్బంధించుట ప్రజాస్వామ్యమునకు చేటని వాదించి, స్వతంత్ర పార్టీ స్థాపనకు మూలపురుషుడయ్యెను. ఆ పార్టీకి మొదటి అధ్యక్షులు గుంటూరు మండలము నిడుబ్రోలునకు చెందిన రైతునాయకులు ఆచార్య ఎన్. జి. రంగాగారు. మన తాలూకా తమిళుడును, ఆంధ్రదేశపు తెలుగువాడును కలసి, మన దేశమున ఆర్థిక ఉదారవాదమునకు పెద్ద పార్టీ నొకదానిని నిలిపిరన్నమాట. 1967 ఎన్నికలలో దానికి లోకసభయందు 44 స్థానములు లభించెను. 1974లో అది వేఱొక పక్షమున లీనమయ్యెను.

అయితే ఆయన చరిత్రలో మనవంటివారు ప్రత్యేకముగ గమనింపదగిన ఘట్టమొకటి గలదు. 1937లో మద్రాసు రాష్ట్ర ప్రధానిగా అధికారమునకు వచ్చినప్పుడు ఆయన పాఠశాలలలో హిందీని నిర్బంధము చేసెను. దానిని ప్రతిఘటించి వెయ్యిమందికి పైగా చెఱసాలకు పోయిరి. ఆయన రాజీనామా చేసిన పిమ్మట 1940లో ఆ యుత్తరువు రద్దయ్యెను. తరువాత 1950ల చివరినుండి, హిందీ నొక్కదానినే దేశమంతటికిని అధికారభాషగ రుద్దరాదని గట్టిగ వాదించినవారిలో ఆయనయే ప్రముఖుడు.

ఈ మార్పును చూచి ఎగతాళి చేయుట సులభము. దానిలోని పాఠమును గ్రహించుట మేలు. అధికారము చేతనున్నప్పుడు, మంచిదని తాను నమ్మిన దానిని ఎల్లరిచేతను చేయింపవలెనను కోరిక మిక్కిలి మేధావికైనను కలుగును. అధికారము లేనినాడు నిర్బంధపు బరువు తెలియును. కావుననే ఉదారవాదము మనుష్యుల మంచితనమును నమ్ముకొని కూర్చుండదు. మంచివారు ఏలుచున్నను చట్టమునకు లోబడియే యుండవలెననును.

ఎదురుపక్షము మాట

ఒక్క పక్షము చెప్పి విడుచుట ఉపాధ్యాయ ధర్మము గాదు. ఉదారవాదమును గట్టిగ విమర్శించినవారు కలరు. 1952 మొదలు 1980లో మరణించువఱకు చందమామలో పని చేసి ఆ పత్రిక శైలిని తీర్చిన కొడవటిగంటి కుటుంబరావుగారు మార్క్సిస్టులు. 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి తన పేరు వేసికొనకయే మాయాజానపద ధారావాహికలు వ్రాసి పిల్లల నిద్ర చెఱచిన దాసరి సుబ్రహ్మణ్యంగారును వామపక్ష భావములు గలవారే. అట్టివారి ప్రశ్న యిది: "ఆకలితో నున్నవానికి వాక్స్వాతంత్ర్యమేమి చేయును? భూమి లేనివానికి ఆస్తిహక్కు దేనికి? ధనికుని స్వేచ్ఛయు, కూలివాని స్వేచ్ఛయు కాగితముపై సమానమే, సంతలో సమానమా?"

ఇది త్రోసివేయదగిన ప్రశ్న గాదు. తోటరాముని కథలోనే ఇది యున్నది. "నాయంతటి సంపద తెమ్ము" అని రాజు అనినప్పుడు, చట్టప్రకారము రామునకు త్రోవ తెఱచియే యున్నది; కాని మంత్రప్రతిమ లేనిదే తోటమాలి ఆ త్రోవ నడువగలడా? డాక్టరు అంబేద్కరుగారు 1949 నవంబరులో రాజ్యాంగసభ యెదుట, స్వేచ్ఛ, సమత, సౌభ్రాత్రములను మూడును విడదీసినచో ప్రజాస్వామ్యము నిలువదని హెచ్చరించిరి. సమత లేని స్వేచ్ఛ కొందఱి పెత్తనమగును. స్వేచ్ఛ లేని సమత మనుష్యుని చొరవను చంపును. సౌభ్రాత్రము లేనిచో రెండును కాపలావాడు లేనిదే నిలువవు. ఉదారవాదమునకు వచ్చిన ఈ విమర్శ దానిని చంపలేదు. దాని కండ్లు తెఱపించినది.

మన బడియు మన భాషయు

ఇప్పుడు మన సంగతికి వత్తము. జవళగిరి, తళి, దేన్కనికోట, హోసూరు ప్రాంతములలో తెలుగు, కన్నడము, తమిళము, ఉర్దూ ఒకే వీథిలో వినబడును. 1956లో భాషాప్రాతిపదికపై రాష్ట్రములేర్పడినపుడు గీత ఎక్కడ గీసినను ఇరువైపులను కొందఱు మిగిలిపోక తప్పదు. మనమట్లు మిగిలినవారము. రాష్ట్రమున అధికులైనవారి భాష తమిళము; మనది అల్పసంఖ్యాకుల భాష.

మన పిల్లలు తెలుగున చదువుట ఎవరి దయ? ఈ ప్రశ్నకు మన పెద్దలలో కొందఱు "ప్రభుత్వము వారి దయ" అని వినయముగ చెప్పుదురు. వినయము మంచిదే గాని సమాధానము సరిగాదు. రాజ్యాంగపు 29వ అధికరణము, ప్రత్యేకమైన భాషగాని లిపిగాని సంస్కృతిగాని గల ఏ ప్రజావర్గమునకైనను దానిని కాపాడుకొను హక్కు గలదనుచున్నది. 30వ అధికరణము మతమునుబట్టి గాని భాషనుబట్టి గాని అల్పసంఖ్యాకులైనవారికి తమ విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకొను హక్కునిచ్చుచున్నది. ఇవి ప్రాథమిక హక్కులు. న్యాయస్థానమున నిలువబడి అడుగదగినవి. 1956లో చేసిన ఏడవ సవరణ 350–ఎ, 350–బి అధికరణములను చేర్చినది. మొదటిది అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పింప యత్నింపవలెనని రాష్ట్రములను ఆదేశించుచున్నది. రెండవది ఈ రక్షణలను పరిశీలించుటకు ప్రత్యేకాధికారిని నియమింపవలెననుచున్నది. ఇది విక్రమార్కుని భుజముపై కూర్చుండిన బేతాళుని వంటి పదవి.

2006లో తమిళనాడు శాసనసభ తమిళమును బడులన్నిటను నిర్బంధ పాఠ్యాంశము చేయు చట్టమును చేసెను. ఒకటవ తరగతితో మొదలై ఏటేటా ఒక్కొక్క తరగతి పైకి ప్రాకి 2015–16 నాటికి అది పదవ తరగతిని చేరెను. అప్పుడు మన భాషాల్పసంఖ్యాకులు కలహింపలేదు, బండ్లు తగులబెట్టలేదు. మద్రాసు ఉన్నత న్యాయస్థానమును, తరువాత సర్వోన్నత న్యాయస్థానమును ఆశ్రయించిరి. వేర్వేరు సంవత్సరముల విద్యార్థులకు పరీక్షలో మినహాయింపులు పొందిరి. అధికసంఖ్యాకులు వోటుచేత చట్టము చేసిరి; అల్పసంఖ్యాకులు న్యాయవాదముచేత మేర కోరిరి. ఎవరికి ఎంత న్యాయము జరిగినదన్న విషయమున భిన్నాభిప్రాయములుండవచ్చును. కాని ఆ పద్ధతియే ఉదారవాదము. లెక్కలో తక్కువైనవాడు గొంతులో తక్కువ కానక్కఱలేదని అది మనకు చెప్పినది.

అయితే హక్కును గూర్చి మాటలాడువాడు మూడవ మెట్టును మఱవరాదు. ఆడుమళయాళపు అద్దమున మన మొగము మనము చూచికొనవలెను. రాష్ట్రమున మనము కొద్దిమందిమి. కాని కొన్ని పల్లెలలో మనమే పెద్దసంఖ్య. అచ్చట కన్నడము మాటలాడు ఇంటిని, లంబాడీ తండావారిని, ఇరుళ కుటుంబమును మనమెట్లు చూచుచున్నాము? వారి పిల్లవాని మాటతీరును విని మన పిల్లలు నవ్వినప్పుడు మనము మందలించుచున్నామా? మనకు కావలెనని యడిగిన దానిని మనకంటె చిన్నవారికి ఈయనివాడు ఉదారవాది గాడు. తనవంతు రాని దొర మాత్రమే.

అట్లే తెలుగుపై మన హక్కు తమిళముపై వైరము గాదు. మన చుట్టునున్నవారి భాషను చక్కగ నేర్చినవాడు సంతలో మోసపోడు, కచేరీలో తలవంచడు, మంచి పుస్తకములను పోగొట్టుకొనడు. నిర్బంధము వేఱు, నేర్చుట వేఱు. మొదటిదానికి మేర కోరుటయు, రెండవదానియందు ఆసక్తి చూపుటయు ఒకే మనస్సున ఉండవచ్చును, ఉండవలెను కూడ.

తల్లిదండ్రులకొక మనవి. చట్టమున వ్రాసియున్న హక్కును వాడుకొను చేతులు లేనిచో అది గోడమీది పటమగును. తెలుగు తరగతిలో పిల్లలు తగ్గిపోయిననాడు దానిని మూయుటకు నిరంకుశుడెవ్వడును రానక్కఱలేదు. హాజరుపట్టీయే దానిని మూయును. ఇంగ్లీషు చదువు కావలెననుట తప్పుగాదు. కాని మాతృభాషలో చదువను వ్రాయను రాని పిల్లవానికి, తాతగారి ఉత్తరమును, అమ్మమ్మ చెప్పిన కథను ఎవరు చదివి పెట్టుదురు?

కథను చదువు తీరు

విద్యార్థులారా! ఇకమీద మాయాకథ చదివినను, జానపద చిత్రమును చూచినను, క్రొత్తగా వచ్చుచున్న ఆంగ్లపు మాంత్రిక నవలలను చదివినను, నాలుగు ప్రశ్నలను వేసికొనుడు. అధికారము ఈ కథలో ఎవరికున్నది, ఎట్లు వచ్చినది? దానికి మేర యేమైన కలదా, లేక నాయకుని మంచితనమే దానికి మేరయా? రాజును ప్రశ్నించు పాత్ర కలదా, ఆ పాత్రకు కథ ఎట్టి గతి పట్టించినది? చివరకు, రాక్షసులని, పిశాచములని, పరాయివారని కథ పేరు పెట్టిన వారి పక్షమునుండి చూచిన కథ ఎట్లుండును?

ఈ ప్రశ్నలవలన కథలోని ఆనందము తగ్గదు. గారడీవాని చేతిని గమనించు పిల్లవానికి గారడీ యందు ఆసక్తి హెచ్చును గాని తగ్గదు. తోటరాముడు గెలిచినప్పుడు చప్పట్లు కొట్టుడు. కాని ఇంటికి వచ్చుచు, ఆ ప్రతిమ ఇప్పుడెక్కడ నున్నదో, రేపు దానికి తాళము వేయువారెవరో తలపోయుడు. ఆ తాళమునకే నాగరిక ప్రజలు రాజ్యాంగమని పేరు పెట్టుకొనిరి. దాని తాళపుచెవి ఏ రాజు మొలలోను లేదు. చదువుకొన్న పౌరుల చేతిలో నున్నది.